అద్దె పాటలు, సొంత పాటలు: నా పాటల పెట్టె డైరీ

జనవరి 5

ఉదయం నడకకు వెళ్తూ ఫోనులో నా పాటల జాబితా తెరిస్తే పదకొండు పాటలు బూడిద రంగులోకి మారి ఉన్నాయి. నొక్కితే పలకవు. నాలుగేళ్లుగా ఒక్కొక్క పాటా ఏరి కూర్చుకున్న జాబితా అది. ఈ నెల చందా మొన్ననే కట్టాను. ఆ పాటలు ఎందుకు పోయాయో చెప్పే ముక్క ఎక్కడా లేదు.

కారణం ఊహించుకోవచ్చు. ఆడియో కంపెనీకీ స్ట్రీమింగ్ సేవకూ మధ్య ఒప్పందం గడువు తీరితే పాటలు దిగిపోతాయి. 2023 మార్చిలో స్పాటిఫైకీ జీ మ్యూజిక్‌కీ లెక్క కుదరక ఎన్నో హిందీ సినిమా పాటలు ఒక్కసారిగా మాయమయ్యాయి. బేరం వాళ్లిద్దరిదీ, డబ్బు కట్టి వింటున్నవాళ్లను ఎవరూ అడగలేదు. ఇన్నాళ్లూ అది నా బాధ కాదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు. ఇవాళ నాకు తగిలింది.

ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేశాను. స్పాటిఫై 2019లో మన దేశానికి వచ్చినప్పుడు నెల చందా 119 రూపాయలు. ఆ ధర మారలేదనే అనుకున్నా పదేళ్లకు 14,280. అదే డబ్బుతో పాట 15 రూపాయల చొప్పున కొంటే 952 పాటలు వస్తాయి. నేను జీవితంలో మళ్లీ మళ్లీ వినే పాటలు అంతకన్నా ఎక్కువ ఉండవు. పదేళ్ల తర్వాత ఆ 952 నా దగ్గరే ఉంటాయి. చందా అయితే, ఆపిన మర్నాటికి చేతిలో ఏమీ మిగలదు.

అందుకని ఒక ఏడాది చందా మానేస్తున్నాను. నెలకు ఆ 119 రూపాయలూ పక్కన పెట్టి, వాటితో పాటలు కొంటాను. ఇంట్లో ఉన్న క్యాసెట్లు, సీడీలు కంప్యూటర్లోకి ఎక్కిస్తాను. ఏం జరిగిందో ఎప్పటికప్పుడు ఇక్కడ రాసుకుంటాను.

జనవరి 11

అటక మీది పెట్టెలు దించాను. క్యాసెట్లు 64, ఆడియో సీడీలు 41. పాత హార్డ్ డిస్కులో నేను మరిచిపోయిన ఒక ఫోల్డరు కూడా దొరికింది. అందులో 86 పాటలు ఉన్నాయి, అన్నీ 2012లో కొన్నవి.

అప్పట్లో ఫ్లిప్‌కార్ట్ వాళ్లు ఫ్లైట్ అనే పాటల దుకాణం నడిపారు. డబ్బు కడితే కాపీకి అడ్డుపడే తాళం ఏదీ లేని ఎంపీ3 ఫైలు చేతికి వచ్చేది. 2012 ఫిబ్రవరిలో తెరిచి 2013 జూన్‌లో మూసేశారు. పైరసీ, చిన్న మొత్తాల చెల్లింపులకు సరైన దారి లేకపోవడం కారణాలని అప్పుడు చెప్పారు. దుకాణం మూతపడి పన్నెండేళ్లు దాటింది. ఈ రాత్రి ఆ 86 పాటలూ వరసగా నొక్కి చూశాను. అన్నీ మోగాయి.

నేను వెతుకుతున్నది ఇదే. అయితే తెరమీద ‘కొనండి’ అని ఉన్న ప్రతిదీ ఇలాంటి కొనుగోలు కాదు. చాలాచోట్ల డబ్బు కట్టాక కూడా దక్కేది వినే అనుమతి మాత్రమే. కాలిఫోర్నియాలో దీనిమీద చట్టమే చేశారు. అది అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ సరుకును ‘కొనండి’ అని అమ్మకూడదు. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. నా కొలత ఇంకా సులువు: ఫైలును పెన్ డ్రైవులోకి ఎక్కించి, నెట్ తీసేసి, వేరే కంప్యూటర్లో పెడితే మోగాలి. మోగితే అది నాది.

జనవరి 19

టేప్ డెక్ తిరగడం లేదు. మోటారు చప్పుడు వినిపిస్తోంది, చక్రాలు కదలడం లేదు. మూత విప్పితే రబ్బరు బెల్టు కరిగి, పుల్లీ చుట్టూ తారులా అంటుకుపోయి ఉంది. వేలికి అంటితే సబ్బుతో కూడా వదలలేదు.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. నాలుగు దుకాణాల్లో లేదన్నారు. ఐదో దుకాణంలో పెద్దాయన పాత బెల్టు ముక్కలను టేబుల్ మీద పేర్చమన్నాడు. వాటిని దారంతో కొలిచి, లోపలి నుంచి ఒక డబ్బా తెచ్చాడు.

“ఇంకా ఎవరు వింటున్నారు సార్ క్యాసెట్లు?” అన్నాడు.

“ఒకసారి కంప్యూటర్లోకి ఎక్కించుకుందామని.”

“అయితే బెల్టు పాత దానికంటే కొంచెం బిగుతుగా ఉండేది తీసుకోండి. వదులైతే గొంతు ఊగుతుంది. ఎక్కించాక తెలిసి లాభం లేదు.”

డబ్బాలోంచి రెండు సైజులు ఇచ్చి, రెండోది సరిపోకపోతే తిరిగి తెమ్మన్నాడు. చిన్నదే సరిపోయింది.

జనవరి 26

సెలవు రోజంతా డెక్‌తోనే గడిచింది. టేపును చదివే హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే గోధుమరంగు పొడి వచ్చింది. ఎన్నో టేపుల మీది పూత అది. నాలుగో పుల్ల తెల్లగా తిరిగి వచ్చేదాకా తుడిచాను.

ఆ తర్వాత హెడ్డు వాలు సరిచేయడం. హెడ్డు పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. రికార్డు చేసిన యంత్రం హెడ్డు ఏ కోణంలో ఉందో, వినిపించే యంత్రం హెడ్డు కూడా అదే కోణంలో ఉండాలి. లేకపోతే పై స్వరాలు పోయి, పాట దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది. హెడ్‌ఫోను పెట్టుకుని స్క్రూను పావు చుట్టులో సగం కూడా కాదు, వెంట్రుకవాసి తిప్పాను. గాయని గొంతులో ‘స’లు, ‘చ’లు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. తాళాల మోత గదిలోకి వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆ క్యాసెట్ అరిగిపోయిందనే అనుకుంటున్నాను. అది అరగలేదు.

రికార్డింగుకు అడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను, ఉచితంగా దొరుకుతుంది. ధ్వనిని ఎంత సూక్ష్మంగా కొలవాలో బిట్లు, కిలోహెర్ట్జ్‌లలో చెప్పాలి. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో ఎక్కిస్తే 90 నిమిషాల క్యాసెట్ దాదాపు 3.1 గిగాబైట్లు అవుతుంది. సీడీ కొలతలో, అంటే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌లో అయితే 950 మెగాబైట్ల చిల్లర. మామూలు క్యాసెట్లో ఉండే ధ్వనికి సీడీ కొలత చాలు. మరమ్మతు అవసరమైన టేపులను మాత్రం పెద్ద కొలతలో తీస్తున్నాను. అత్యధిక స్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోవాలి, ధ్వని హద్దు దాటి కొట్టుకుంటే గొంతు చీలినట్టు పడుతుంది, ఆ చీలిక ఇక బాగుపడదు.

ఫిబ్రవరి 2

ఆరు క్యాసెట్లు అయ్యాయి. తొంభై నిమిషాల టేపుకు తొంభై నిమిషాలూ కూర్చోవలసిందే, దగ్గరిదారి లేదు.

ఫిబ్రవరి 16

సీడీల పని వేగంగా సాగుతోంది. 41లో 33 పూర్తయ్యాయి, రెండు మాత్రం వెనకవైపు పూతకు చిల్లులు పడి పనికిరాకుండా పోయాయి.

ఒక చిన్న చిక్కు వచ్చింది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్ తీసిన ప్రతి పాటనూ, ప్రపంచంలో అదే సీడీ తీసినవాళ్ల ఫలితాలతో పోల్చి చూపిస్తుంది. లెక్క కలిస్తే పొల్లు పోకుండా వచ్చినట్టే. నా తెలుగు సీడీల్లో ఎక్కువ వాటికి పోల్చుకోవడానికి అక్కడ ఏమీ లేదు. అంటే వాటిని ఎవరూ ఇలా తీసి భద్రపరచలేదన్నమాట, కనీసం ఆ పట్టికకు అందేలా తీయలేదు. అందుకే ఒక్కో సీడీని రెండు వేర్వేరు డ్రైవుల్లో రెండుసార్లు తీసి, రెండు ఫలితాలూ సరిచూస్తున్నాను.

అన్నీ ఫ్లాక్ అనే రకం ఫైళ్లుగా దాస్తున్నాను. ఎంపీ3 లాగా చెవికి అందదనుకున్న ధ్వనిని తీసిపారేయదు, మొత్తం ఉంచి మడత మాత్రమే పెడుతుంది. సీడీ ధ్వని నిమిషానికి పది మెగాబైట్ల పైన ఉంటుంది, ఫ్లాక్‌లో సుమారు సగానికి దిగుతుంది. రేపు ఏ కొత్త రకం ఫైలు వచ్చినా దీనిలోంచి చేసుకోవచ్చు.

మార్చి 1

మూడు నెలల డబ్బు 357 రూపాయలు. ఏం కొన్నానో రాస్తాను.

సినిమా పాటలు ఐట్యూన్స్ స్టోరులో తీసుకున్నాను. అది మన దేశంలో 2012 డిసెంబరులో తెరిచినప్పుడు పాట పన్నెండు, పదిహేను రూపాయలకు అమ్మారు. అప్పటికే, 2009లోనే, పాటల ఫైళ్ల మీద తాళం తీసేశారు. వచ్చేది 256 కిలోబిట్ల ఏఏసీ, అంటే ఎంపీ3 లాగే కొంత ధ్వనిని వదిలేసే ఫైలు, ఫ్లాక్ కాదు. ఆ లోటు నిజమే, ఒప్పుకుంటున్నాను. నాకు తెలిసినంతలో, మన దేశంలో తెలుగు సినిమా పాటను పూర్తి నాణ్యతతో చట్టబద్ధంగా కొనుక్కుందామంటే పాత సీడీయే గతి. ఇన్ని కోట్ల మంది వినే భాషలో, డబ్బు పట్టుకుని నిలబడినవాడికి అలా అమ్మే దుకాణం కనబడకపోవడం నాకు చాలా కష్టంగా ఉంది.

మిగిలిన డబ్బు బ్యాండ్‌క్యాంప్‌లో ఒక వీణ ఆల్బంకు ఖర్చు చేశాను. సినిమా పాటలకు అది చోటు కాదు. సొంతంగా పాడుకునేవాళ్లు, వాయించేవాళ్లు అక్కడ తమ ఆల్బంలు పెట్టుకుంటారు. కొన్నవాళ్లకు ఫ్లాక్ ఇస్తారు. డిజిటల్ అమ్మకంలో ఆ సంస్థ తీసుకునేది 15 శాతం, చెల్లింపుల రుసుములు పోగా మిగిలినది కళాకారుడికి చేరుతుంది.

చందా డబ్బు నడిచే దారి వేరు. అందరి చందాలూ ఒకే కుండలో పడతాయి. మొత్తం వినికిడిలో ఏ పాట వాటా ఎంతో చూసి పంచుతారు. నెలంతా నేను ఒక్క హరికథ భాగవతారునే విన్నా, నా చందాలో పెద్దభాగం దేశమంతా వింటున్న కొత్త సినిమా పాటకే పోతుంది. పైగా 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి వెయ్యిసార్లయినా మోగని ట్రాకుకు రికార్డింగు వాటా కింద పైసా రాదు. సినిమా పాటకు వెయ్యి అనేది ఒక గంటలో పని. పద్యనాటకానికో, బుర్రకథకో, ఊళ్లో పాడుకునే ఒక తత్వానికో వెయ్యి అంటే కొండ. నేను కట్టిన డబ్బు నేను విన్న మనిషికే చేరాలని కోరుకోవడంలో అత్యాశ ఏముంది?

మార్చి 16

వారమంతా పేర్లు పెట్టడమే. ఈ మొత్తం ప్రాజెక్టులో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చిన పని ఇది.

నేను వాడిన స్ట్రీమింగ్ సేవలో పాట కింద గాయకుల పేర్లుండేవి, ఒక్కోసారి సంగీత దర్శకుడి పేరు. రాసినవారి పేరు చాలా పాటలకు ఉండేది కాదు. ఆత్రేయ పాటలన్నీ వరసగా వినాలంటే దారి లేదు. మనం పాటను పల్లవితో గుర్తుపెట్టుకుంటాం, ఆ వెంటనే ఎవరు రాశారని అడుగుతాం. అలాంటి భాషకు కవి పేరు లేని పట్టిక ఏం పట్టిక? ఫ్లాక్ ఫైలులో ఎన్ని వివరాలైనా తెలుగులో రాసుకోవచ్చు. నేను కవి, సంగీతం, గాయకులు, రాగం, ఏ క్యాసెట్ లేదా సీడీ నుంచి తీశానో, అన్నీ రాస్తున్నాను.

ఇక్కడ రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది ఫైలు పేర్ల పొడవు. విండోస్ కంప్యూటర్లో చక్కగా ఉన్న ఫైళ్లు లినక్స్ డిస్కులోకి కాపీ చేస్తుంటే కొన్ని మొరాయించాయి. అక్కడ ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి పడతాయి. ‘స్త్రీ’ అని ఒక్కటి రాస్తే 18. ‘ఘంటసాల వెంకటేశ్వరరావు’ అన్న పేరుకే 61. పల్లవి, గాయకులు, కవి అన్నీ ఫైలు పేరులోనే కలిపి రాశాను కాబట్టి పొంగిపోయింది. ఇప్పుడు ఫైలు పేరులో పల్లవి మొదటి మూడు మాటలే ఉంచి, మిగిలినదంతా లోపలి వివరాల్లోకి మార్చాను.

రెండోది పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. రాజ్-కోటి పాటలు వెతికితే సగమే వస్తున్నాయి. మిగిలిన సగంలోనూ కంటికి అదే ‘రాజ్’ కనిపిస్తోంది. చివరికి అక్షరాలను ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే, కొన్నింటిలో ‘జ్’ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంది. పొల్లు తర్వాతి అక్షరానికి ఒత్తుగా మారకుండా ఆపడానికి కీబోర్డు వేసే గుర్తు అది. మాట చివర దానికి పని లేదు, అయినా అక్కడ కూర్చుని వెతుకులాటను చెడగొడుతోంది. అన్ని ఫైళ్లలో మాటల చివర దాన్ని తీసేశాను. ఇప్పుడు రాజ్-కోటి పాటలన్నీ ఒక్కచోటికి వచ్చాయి. తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లు ఇది ముందే చూసుకుంటే రెండు రోజులు మిగులుతాయి.

ఏప్రిల్ 6

ఈ టేపు గురించి వివరంగా రాయాలి.

పెట్టె అడుగున కంపెనీ పేరు లేని సి-90, అంటే తొంభై నిమిషాల క్యాసెట్ ఒకటి ఉంది. అట్ట మీద బాల్‌పెన్నుతో ‘రాయబారం, 1986’ అని మామయ్య చేతిరాత. తెనాలి దగ్గర వాళ్ల ఊళ్లో రాత్రి నాటకం ఆడితే, మామయ్య వేదిక ముందు కూర్చుని తన టేప్ రికార్డర్‌లో పట్టాడు. ఇది ఏ కంపెనీ అమ్మలేదు, ఏ సేవలోనూ రాదు. ప్రపంచం మొత్తానికి ఇదొక్కటే ప్రతి.

టేపును హెడ్డుకు ఆనించే చిన్న స్పంజిముక్క ఊడిపోయి ఉంది. పనికిరాని క్యాసెట్ ఒకటి తీసుకుని, ఐదు స్క్రూలూ విప్పి, రెండు రీళ్లనూ జాగ్రత్తగా దాని పెట్టెలోకి మార్చాను. రీలు ఒకచోట నలిగి ఉంది, పెన్సిలుతో నెమ్మదిగా చుట్టి సాగదీశాను. మోగింది. హార్మోనియం, జనం గోల, ఎవరో పిల్లవాడి ఏడుపు, ఆపైన కృష్ణుడి వేషగాడి రాగం.

మొదటి వైపు బాగానే ఉంది. రెండో వైపు వెళ్లేకొద్దీ గొంతులు సన్నబడుతున్నాయి. చివరికి కృష్ణుడు కుర్రవాడిలా పాడుతున్నాడు. నా డెక్ మీదే అనుమానం వచ్చి వేరే క్యాసెట్ పెడితే అది సరిగ్గానే ఉంది. మామయ్యకు ఫోను చేసి, ఫోను స్పీకరు దగ్గర పెట్టి వినిపించాను.

“ఆయన అంత శ్రుతిలో ఎప్పుడూ పాడలేదురా అల్లుడూ,” అన్నాడు వెంటనే. కాసేపు ఆగి, “ఆ రాత్రి కరెంటు పోయింది. పెట్రోమాక్సు లైట్లు వెలిగించి ఆడారు. నేను బ్యాటరీల మీద పట్టాను,” అన్నాడు.

ముడి విడిపోయింది. బ్యాటరీలు నీరసించేకొద్దీ ఆ రాత్రి టేపు నెమ్మదిగా నడిచింది. అలా పట్టినదాన్ని ఇప్పుడు అసలు వేగంతో తిప్పితే శ్రుతి పెరిగి వినిపిస్తుంది. దిద్దడానికి ఆధారం కూడా టేపులోనే ఉంది. హార్మోనియం రీడ్ల శ్రుతి రాత్రంతా మారదు. మొదటి వైపు వినిపించే ఆధార షడ్జమాన్ని గుర్తుపెట్టుకుని, ఐదేసి నిమిషాలకు ఒకచోట హార్మోనియం ఎంత పైకి జరిగిందో కొలిచాను. డెబ్బయ్యో నిమిషం దగ్గర సరిగ్గా ఒక మెట్టు పెరిగింది, అంటే దాదాపు 6 శాతం వేగం ఎక్కువ. అక్కడ 94.4 శాతానికి దించాలి. అడాసిటీలో టైమ్ ట్రాక్ అనే సౌకర్యం ఉంది, వేగాన్ని ఒక గీతలా క్రమంగా తగ్గించుకోవచ్చు. గీత మీద బిందువులు పెడుతూ, వింటూ, మళ్లీ జరుపుతూ మూడు రాత్రులు పట్టింది.

నాలుగో రాత్రి మొదటి నుంచి విన్నాను. కృష్ణుడి గొంతు ఎక్కడా జారలేదు. పద్యం చివర ఆలాపన ఎత్తుకుంటే జనం ‘వన్స్ మోర్’ అని కేకలు వేశారు, ఆయన మళ్లీ అందుకున్నాడు. ఆ రెండోసారి పాడినది మొదటిదానికంటే పొడవుగా ఉంది.

ఏప్రిల్ 20

పాత ల్యాప్‌టాప్‌ను ఇంట్లో పాటల సర్వరుగా మార్చాను. నావిడ్రోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాను, ఇంట్లో అందరి ఫోన్లకూ అక్కడి నుంచే పాటలు వస్తాయి. మొత్తానికి ఒక ప్రతి ల్యాప్‌టాప్‌లో, ఒకటి విడి డిస్కులో, మరొకటి తమ్ముడి ఇంట్లో. కొన్న పాటలు ఇంటి గడప దాటి పంచను, నెట్‌లో పెట్టను.

అమ్మాయి మాత్రం తన చందా వదలనంది. “నాన్నా, నాకు ఇంకా ఏవి నచ్చుతాయో నాకే తెలియదు. తెలియనివి కొనలేను కదా,” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. చందా మానేశాక కొత్త పాటలు నాకు తక్కువగా తగులుతున్నాయి, అది నిజం. వెతుక్కునే వయసులో ఉన్నవాళ్లకు ఆ తలుపు తెరిచి ఉండాలి. తనకు నేనొకటే చెప్పాను: పదిసార్లు విన్న పాట ఏదైనా ఉంటే దాన్ని కొనుక్కో, డబ్బు నేనిస్తాను. మర్నాడు ఒక కాగితం మీద ఏడు పాటలు రాసి ఇచ్చింది.

మే 4

తెనాలి వెళ్లాను. పెన్ డ్రైవులో రాయబారం, ఒక చిన్న స్పీకరు. కారు స్టీరియోలో పెడితే ఫైళ్ల పేర్లన్నీ డబ్బాలుగా కనిపించాయి, దానికి తెలుగు అక్షరాలు రావు. పాట మాత్రం మోగింది. మామయ్య కోసం ప్రతి ఫైలుకూ ముందు అంకె వేసి ఇంకో ప్రతి చేశాను.

వరండాలో కుర్చీ వేసుకుని రెండు వైపులూ విన్నాడు. మధ్యలో అత్తయ్య కాఫీ తెస్తే చేత్తో ఆపాడు. రెండో వైపు కరెంటు పోయిన చోట జనం ఒక్కసారిగా గోలపెడతారు. అక్కడ ముందుకు వంగి, “ఇదిగో, ఇక్కడే,” అన్నాడు. పిల్లవాడి ఏడుపు వచ్చినప్పుడు నావైపు చూశాడు.

“అది నువ్వేరా. మీ అమ్మ ఒళ్లో ఉన్నావు.”

ఫైలు వివరాల్లో ఆ మాట కూడా రాశాను. ఇంకా 37 క్యాసెట్లు ఉన్నాయి. తిరిగి వస్తుంటే మామయ్య బీరువాలోంచి మరో నాలుగు తీసి ఇచ్చాడు.